ముగ్గు చుక్కల లెక్క

“ఏడు చుక్కలు, ఒకటి వచ్చువరకు” అని మన యిండ్లలో స్త్రీలు ముగ్గును గూర్చి చెప్పుకొందురు. నడిమి వరుసలో 7 చుక్కలు. దానికి పైనను, క్రిందను 5, 3, 1. మొత్తము 25. అట్లయిన, 145 చుక్కలు పట్టు ముగ్గునకు నడిమి వరుసలో ఎన్ని చుక్కలుండవలెను?

నడుమ 3 ఉన్న ముగ్గునకు 5 చుక్కలు చాలును గనుక, నడుమ 9 ఉన్నచో 15 చాలునని కొందరు త్రైరాశికము వేయుదురు. పెట్టి చూడుడు, 41 అగును! వరుసలు పెరిగిన కొలదియు చేరు చుక్కలును పెరుగుచుండగా త్రైరాశికమున కిచట తావెక్కడిది?

పెరుగుదల తీరును కనుగొనవలెను. వరుసకు మూడేసి చొప్పున మూడు వరుసలుగా 9 చుక్కలు పెట్టుడు. ప్రక్కన 3, క్రింద 3, మూలను 1, అనగా 7 చుక్కలు చేర్చిన నాలుగేసి చుక్కల చదరమగును. కావుననే 1, 3, 5, 7 కలిపిన 4 యొక్క వర్గము 16 వచ్చుచున్నది. మన ముగ్గున నడిమి వరుసవరకు 16, దాని క్రింద 9.

ఇక పైనుండి నడిమి వరుసవరకు గల వరుసలు ‘క్ష’ అనుకొందము.

క్ష² + (క్ష − 1)² = 145

దీనిని సూక్ష్మీకరించిన, క్ష(క్ష − 1) = 72. లబ్ధము 72 అగు వరుస సంఖ్యలు 9, 8. కావున క్ష = 9.

పెక్కుమంది విద్యార్థులిచటనే కలము దించుదురు. ప్రశ్న అడిగినది వరుసల సంఖ్య కాదు, నడిమి వరుసలోని చుక్కలు! అవి 2 × 9 − 1 = 17.

150 చుక్కలతో మాత్రము ఇట్టి ముగ్గు కుదురదు. ప్రక్కప్రక్క సంఖ్యలలో ఒకటి సరి, ఒకటి బేసి. వాని వర్గముల మొత్తమెప్పుడును బేసియే.