అప్పు ప్రభుత్వానిది, దెబ్బ అంగడివాడికి

అంతర్జాతీయ ద్రవ్య నిధి షరతుల పత్రాల్లో లోటు ఎంత, వడ్డీ ఎంత, రాయితీ ఎప్పుడు ఎత్తేస్తారు అన్నవే ఎక్కువగా ఉంటాయి. ఏ జాతివాళ్ళు ఏ వృత్తిలో ఉన్నారన్నది వాటికి పట్టదు. వలసపాలకులు జాతిని బట్టి వృత్తులు పంచి వెళ్ళిన దేశాల్లో ఈ ఏమరుపాటు ఎంత ప్రమాదమో 1998లో ఇండోనేసియా చూసింది. పరాయి గడ్డ మీద దుకాణాలు నడుపుకుంటూ, ఉద్యోగాలు చేసుకుంటున్న మన తెలుగువాళ్ళకు ఆ కథ తప్పక తెలియాలి.

డచ్చి పాలకులు జనాన్ని ఐరోపావాళ్ళు, విదేశీ ప్రాచ్యులు, స్థానికులు అని మూడు తరగతులు చేశారు. నడిమి తరగతిలో పెట్టిన చైనీయుల చేతికి ఊళ్ళలోని వర్తకం చాలావరకు వెళ్ళింది. స్వాతంత్ర్యం వచ్చాక దేశాన్నేలిన సుహార్తో కొద్దిమంది చైనీయ కోటీశ్వరులను దగ్గరకు తీసినా, 1967లో చైనీయ పండుగలు బహిరంగంగా చేసుకోకుండా ఆంక్ష పెట్టాడు. ఆ కోటీశ్వరుల పేరు చిల్లరకొట్టు చైనీయుడికీ అంటుకుంది.

1997 జులైలో డాలరుకు దాదాపు 2,400 రూపియాలు. రూపియా పడిపోతుంటే అక్టోబరు 31న ద్రవ్య నిధితో అప్పు ఒప్పందం ప్రకటించి, మర్నాడే 16 బ్యాంకులు మూసేశారు. 2 కోట్ల రూపియాల లోపు డిపాజిట్లకే హామీ ఇచ్చారు. తరువాతి వంతు ఏ బ్యాంకుదోనని జనం ప్రైవేటు బ్యాంకుల నుంచి డబ్బు లాగేసుకున్నారు. ఈ మూత బెదురును పెంచిందని ద్రవ్య నిధి అంతర్గత పత్రమే ఒప్పుకుంది. 1998 జనవరికల్లా డాలరు 10,000 రూపియాలు దాటింది. బియ్యం, వంటనూనె ధరలు మండాయి, జావా చిన్న ఊళ్ళలో చైనీయుల కొట్లు లూటీ అయ్యాయి. రాయితీల కోతలో భాగంగా మే 4న పెట్రోలు లీటరు 700 రూపియాల నుంచి 1,200కు, కిరోసిన్ 280 నుంచి 350కి పెంచారు. మెదాన్ నగరంలో అల్లర్లు రేగాయి. 12న జకార్తాలో నలుగురు విద్యార్థులు తూటాలకు బలయ్యాక జకార్తా, సోలో నగరాలు తగలబడ్డాయి. దుకాణదారులు షట్టర్ల మీద ‘మిలిక్ ప్రిబుమి’, అంటే స్థానికుడి సొత్తు, అని రాసుకుని ప్రాణాలు కాపాడుకోజూశారు. చైనీయ స్త్రీల మీద అత్యాచారాలు జరిగాయి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మంటల్లో చిక్కుకున్న నిరుపేదలే. 21న సుహార్తో దిగిపోయాడు.

దీనికి ద్రవ్య నిధిని తప్పుపట్టడం అన్యాయం అంటారు కొందరు. సుహార్తో కుటుంబ దోపిడీ, సైన్యం పాత్ర, రాయితీలు మెల్లగా తగ్గించమంటే ఒక్కసారిగా ధరలు పెంచేసిన తొందర, ఇవన్నీ నిజమే. జాతివైరం అప్పుతో పుట్టలేదు. కానీ అది ఉందని లోకమంతటికీ తెలుసు, షరతులు రాసినవాళ్ళకూ తెలిసి ఉండాలి. పెట్రోలు రాయితీ కార్లున్నవాళ్ళకే లాభమన్న మాటా ఒప్పుకుంటాను, కిరోసిన్ విషయంలో ఒప్పుకోను. పేదింటి పొయ్యి దానితోనే వెలిగేది. అసలు కిటుకు వరసలో ఉంది. 2005 అక్టోబరులో, ద్రవ్య నిధి కార్యక్రమం ముగిశాక, ఎన్నికైన ప్రభుత్వం ఇంధన ధరలు సగటున రెట్టింపు కన్నా ఎక్కువ పెంచింది. అయితే కోటిన్నరకు పైగా పేద కుటుంబాలకు నెలకు లక్ష రూపియాల లెక్కన నగదు అందించే పని ఆ పెంపుతోపాటే మొదలుపెట్టింది. నిరసనలు జరిగాయి గానీ 1998 నాటి మారణకాండ పునరావృతం కాలేదు. అప్పటి ప్రభుత్వాన్ని ప్రజలే ఎన్నుకున్నారన్నదీ గట్టి కారణమే. అయినా భారం పడేటప్పుడే ఊరటా అందించే పద్ధతి పనిచేస్తుందనడానికి ఇది ఒక ఆధారం.

పొరుగున మలేసియా ద్రవ్య నిధి అప్పు తీసుకోకుండా 1998 సెప్టెంబరులో రింగిట్‌ను డాలరుకు 3.80గా కట్టడి చేసి గట్టెక్కింది.  ఇక ఇండోనేసియాలో చైనీయుల పండుగలపై సుహార్తో పెట్టిన ఆంక్ష అతను దిగిపోయాక, 2000లో గానీ తొలగలేదు. మనం ఉంటున్న దేశం అప్పు ఒప్పందం మీద సంతకం పెడుతుంటే ఏ సరుకు ధర ఎప్పుడు పెరుగుతుందో, పేదలకు ఊరట ఎప్పుడు అందుతుందో చూడండి. వరస తలకిందులైతే స్థానిక పౌరసంఘాలతో కలిసి ముందుగానే గొంతెత్తండి. పరాయివాళ్ళుగా మిగిలిపోకుండా, ఉగాదికి మన పిల్లలతోపాటు ఇరుగుపొరుగునూ పిలవండి.