పడవలో మంచినీటి తొట్టి కారితే

కానరీ దీవులనుండి బయలుదేరి అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి కరిబియన్ దీవులకు పోయే తెరచాప పడవలు సుమారు 2,700 నాటికల్ మైళ్ళు ప్రయాణం చేయవలసి ఉంటుంది. గాలి అనుకూలిస్తే ఇంచుమించు మూడు వారాలు పడుతుంది. ఈ మూడు వారాలూ దారిలో మంచినీళ్ళు పట్టుకొనడానికి రేవు ఒక్కటీ లేదు. పడవలో నలుగురు మనుషులున్నారనుకొందాము. త్రాగడానికి, వంటకు కలిపి తలకు రోజుకు నాలుగు లీటర్లు చాలుననుకొంటే, 21 రోజులకు 336 లీటర్లు కావలెను. స్నానాలకూ, బట్టలకూ ఇందులో వాటా లేదు.

ఇప్పుడు ఆ నీరున్న తొట్టికి కంటికి కనబడని చిల్లు ఒకటి పడినది. సెకనుకు ఒక్క చుక్క కారుతున్నది. అదేమంత నష్టమని తోచవచ్చును. ఇరవై చుక్కలు చేరితే దాదాపు ఒక మిల్లీలీటరు. రోజుకు 86,400 సెకన్లు. అనగా రోజుకు 4,320 మిల్లీలీటర్లు, నాలుగు లీటర్లపైన. పడవలో ఐదవ మనిషి ఒకడు దాగి ఉండి, మిగిలినవారితో సమానంగా త్రాగుతున్నట్లే లెక్క! ప్రయాణం ముగిసేసరికి వాడు త్రాగిన నీరు తొంబది లీటర్లు.

చుట్టూ ఉన్న సముద్రం ఈ లోటును తీర్చలేదు. సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. మనిషి మూత్రపిండాలు అంత ఉప్పదనం గల మూత్రాన్ని తయారుచేయలేవు. గనుక ఒక గ్లాసెడు సముద్రపు నీరు త్రాగినవాడు, ఆ ఉప్పును బయటికి పంపడానికి గ్లాసుకు మించిన నీటిని తన శరీరంనుండే ఖర్చుపెట్టవలసివస్తుంది. ఉప్పునీటిని మంచినీటిగా మార్చే యంత్రాలు నేడు కొన్ని పడవలలో ఉన్నమాట నిజమే. కాని వాటికి విద్యుత్తు కావలెను. అవి చెడిననాడు తొట్టిలోని నీరే గతి.

పూర్వం ఓడలలో నీటిని కొయ్యపీపాలలో నిలువచేసేవారు. కొయ్య నానుతుంది, నాచు పడుతుంది, కొన్ని వారాలకే నీరు కంపుకొట్టేది. ఇంగ్లండులో ఆవిరియంత్ర నిర్మాతగా పేరుపొందిన రిచర్డ్ ట్రెవితిక్, రాబర్ట్ డికిన్సన్ అనే భాగస్వామితో కలిసి, పీపాలకు మారు ఇనుప తొట్లను వాడే పద్ధతికి 1808లో పేటెంటు పొందాడు. అటుతరువాత తుత్తునాగం పూత పూసిన ఇనుము, అల్యూమినియం, స్టెయిన్‌లెస్ స్టీలు, గాజునార, ప్లాస్టిక్కు వరుసగా వచ్చాయి. 1970, 1980 దశకాలలో కట్టిన గాజునార పడవలు నేటికీ వేలసంఖ్యలో తిరుగుతున్నవి. పడవ పెంకు చెక్కుచెదరదు. దానిలో అమర్చిన లోహపు తొట్టి మాత్రం ఈపాటికి ముసలిదైపోయింది.

ఎవరి నీరు?

పడవ అడుగున నీరు కనబడగానే అది తొట్టినీరని నిర్ణయించరాదు. సముద్రపు నీరు లోపలికి వస్తూ ఉండవచ్చు. వాననీరు పైకప్పునుండి దిగుతూ ఉండవచ్చు. మొదటిదైతే పడవకే అపాయం గనుక ఈ విచారణలో ఆలస్యం పనికిరాదు. ఆ మురికినీటిని నాలుకతో రుచిచూడడం కంటె సబ్బుతో చూడడం మేలు. సామాన్యమైన సబ్బు మంచినీటిలో నురగనిస్తుంది. సముద్రపు నీటిలోని మెగ్నీషియం, కాల్షియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లని తెట్టెకట్టి, నురగ రానీయవు. కళాశాల ప్రయోగశాల అందుబాటులో ఉన్నవారు సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక చుక్క వేస్తే చాలు. సముద్రపు నీరైతే పెరుగువంటి తెల్లని అవక్షేపం వెంటనే దిగుతుంది. కుళాయినీరైతే కొద్దిగా మసకబారుతుందంతే.

మంచినీరే అని తేలినా తొట్టిని నిందించే ముందు గొట్టాలను చూడవలెను. చేతిపంపు, హోసు గొట్టాల క్లిప్పులు, మూతక్రింది రబ్బరు వాషరు, గాలి పోవడానికి పెట్టిన సన్నగొట్టం, వీటిలో ఏదో ఒకటి కారుతూ ఉండడం అరుదు కాదు. తొట్టిని అన్ని గొట్టాలనుండి వేరుచేసి, రంధ్రాలకు బిరడాలు బిగించి, నిండా నీరు పోసి, మట్టానికి పెన్సిలుతో గీత గీసి ఒక రాత్రి ఉంచవలెను. తెల్లవారి నీరు గీతనే ఉంటే తొట్టి నిర్దోషి.

నీరు తగ్గినదనుకొందాము. అప్పుడు ఓపికపట్టి ఇంకా రెండుమూడు రోజులు గమనిస్తే నీరే సాక్ష్యం చెబుతుంది. చిల్లు ఏ ఎత్తున ఉన్నదో ఆ ఎత్తువరకు దిగి నీరు ఆగిపోతుంది, ఎందుకంటే చిల్లుకు క్రింద ఉన్న నీటికి బయటికి దారి లేదు. తొట్టి పూర్తిగా ఖాళీ అయిందా, చిల్లు అడుగునే ఉన్నది. ఖాళీ కావడమే ఎక్కువ తొట్ల విషయంలో జరిగేది. దానికి కారణం ముందు తెలుస్తుంది.

చిల్లు ఉన్న చోటు కచ్చితంగా తెలియడానికి గాలితో పరీక్ష చేస్తారు. తొట్టిలోకి కొంచెం గాలి ఎక్కించి, అతుకులపై సబ్బునీరు పూస్తే చిల్లున్న చోట బుడగలు వస్తాయి. సైకిలు ట్యూబుకు చేసే పరీక్షకు ఇది తిరగవేసిన రూపం. ఇక్కడ ఒక ప్రమాదం కలదు. తొట్టి గోడ ఒకటి 60 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల ఎత్తు ఉన్నదనుకొంటే దాని వైశాల్యం 3,000 చదరపు సెంటీమీటర్లు. సైకిలు పంపుతో చదరపు సెంటీమీటరుకు ఒక్క కిలోగ్రాము చొప్పున ఒత్తిడి ఎక్కించినా, ఆ గోడపై పడే బలం 3,000 కిలోగ్రాములు! పలుచని రేకు ఉబ్బుతుంది, అతుకు విచ్చుకొంటుంది, దగ్గరనున్నవారికి దెబ్బ తగులుతుంది. గాలి కూడా స్ప్రింగువలె శక్తిని దాచుకొని ఉండే పదార్థమని మరువరాదు. గనుక పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాన్ని ఆంగ్ల అక్షరం యు ఆకారంలో వంచి, సగంవరకు నీరు పోసి, ఒక కొనను తొట్టికి కలిపి, రెండు కొమ్మలలోని నీటిమట్టాల తేడా 30 సెంటీమీటర్లు మించకుండా నోటితోనో చిన్న పంపుతోనో ఊదితే చాలు. అప్పుడు గోడపై బలం 90 కిలోగ్రాములే. అంతకుమించి ఊదితే గొట్టంలోని నీరే చిమ్మి హెచ్చరిస్తుంది.

తుప్పుపట్టని ఉక్కుకు తుప్పు

స్టెయిన్‌లెస్ స్టీలుకు తుప్పు పట్టదని పేరు. 1913లో షెఫీల్డు నగరంలో హారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరిగిపోకుండా ఉండే ఉక్కుకోసం వెదుకుతూ క్రోమియం కలిపిన ఉక్కును తయారుచేశాడు. అది తుప్పుపట్టక నిలవడానికి కారణం దానిపై ఏర్పడే క్రోమియం ఆక్సైడు పొర. ఈ పొర మందం రెండుమూడు నానోమీటర్లు మాత్రమే. నానోమీటరంటే మిల్లీమీటరులో పదిలక్షవ వంతు. గీత పడితే పొర చిరుగుతుంది, కాని గాలిలోనో నీటిలోనో ఉన్న ప్రాణవాయువు తగలగానే తిరిగి పూడుతుంది. అనగా ఈ ఉక్కు బ్రతుకంతా ప్రాణవాయువుపై ఆధారపడినది. మనిషివలెనే, ఊపిరాడకపోతే చెడుతుంది.

పాత పడవలలో తొట్టిని ఎక్కడ పెట్టారో చూస్తే జబ్బు అర్థమవుతుంది. నేలచెక్కల క్రింద, పడవ అడుగున, ప్లైవుడ్డు పలకపైనో స్పాంజివంటి ఫోముపైనో దానిని కూర్చోబెట్టి, పైన పట్టీ బిగించారు. ఆ ఫోము ఎప్పుడూ తడిగానే ఉంటుంది. సముద్రపు తుంపరలు దిగి అందులో చేరతాయి; నీరు ఆరుతుంది, ఉప్పు మిగులుతుంది; ఏడాదికేడాది ఉప్పు చిక్కబడుతుంది. తొట్టికీ ఫోముకూ నడుమ సందులో ఉన్న కొద్దిపాటి ప్రాణవాయువు ఖర్చయిపోగానే అక్కడి పొర తిరిగి పూడడం మానుతుంది. లోహం అయానులుగా కరగసాగుతుంది. ఆ ధనావేశాన్ని సరితూచడానికి వెలుపలినుండి ఉప్పులోని క్లోరైడు అయానులు సందులోకి పోతాయి. కరిగిన లోహం నీటితో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. అనగా ఆ సందులో ఎవ్వరూ పోయకుండానే హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారవుతున్నదన్నమాట. ఆమ్లం ఎక్కువైనకొద్దీ పొర మరింత చెడుతుంది, పొర చెడినకొద్దీ ఆమ్లం పెరుగుతుంది. తొట్టి వెలుపలి విశాలమైన ఉపరితలమంతా ఋణధ్రువంగా, ఆ సూదిమొన చోటు ధనధ్రువంగా ఒక విద్యుద్ఘటం ఏర్పడుతుంది. అంత వైశాల్యపు చర్య అంతా ఒక్క బిందువులో కేంద్రీకరించడంవల్ల గోడ మిగిలిన చోట అద్దంవలె మెరుస్తూ ఉండగానే, అక్కడ సూదితో పొడిచినట్లు చిల్లు పడుతుంది. లోపల మంచినీరు నింపిన తొట్టిని బయటి ఉప్పు తినివేయడమంటే ఇదే.

అతుకుల దగ్గర మరొక బలహీనత ఉన్నది. వెల్డింగు చేసేటప్పుడు అతుకుకు ఇరుప్రక్కల లోహం 450, 850 డిగ్రీల సెంటీగ్రేడు నడుమ కొంతసేపు ఉంటే, ఉక్కులోని కర్బనం క్రోమియంతో కలిసి కార్బైడుగా వేరుపడుతుంది. కర్బనం పట్టుకుపోయిన క్రోమియం పొరకు పనికిరాదు. అందుచేతనే కర్బనం 0.03 శాతానికి మించని 316ఎల్ వంటి రకాన్ని తొట్లకు వాడతారు. అందులో మాలిబ్డినం కూడా రెండుమూడు శాతం ఉండి క్లోరైడులను కొంత తట్టుకొంటుంది, కొంత మాత్రమే.

అల్యూమినియం తొట్ల కథ కూడా ఇంచుమించు ఇంతే. రాగి, ఇత్తడి అమరికలు తగిలితే మరీ త్వరగా తినుకుపోతాయి.

మాటు నిలుస్తుందా?

ఇత్తడి బిందెకు చిల్లు పడితే మాటు వేయిస్తాము. పడవతొట్టికి కూడా అదే చేయాలని తోచడం సహజం. వెలుపలనుండి ఎపాక్సీ ముద్ద అద్దితే రేవు చేరేవరకు పనిజరగవచ్చును, అంతకుమించి ఆశించరాదు. అరవై సెంటీమీటర్ల లోతున నీరు చదరపు సెంటీమీటరుకు 60 గ్రాముల ఒత్తిడితో ఆ మాటును రాత్రింబగళ్ళు ఊడదీయడానికి చూస్తూ ఉంటుంది. అదే మాటు లోపలివైపు అతికితే, ఆ ఒత్తిడే దానిని గోడకు అదిమిపెడుతుంది. కనుక తొట్టి పైభాగాన చేయిపట్టేంత మూత కోసి లోపలికి పోవడమే సరైన దారి. వెల్డింగు సంగతి వేరు. ఒక చిల్లు దగ్గర కరగించి పూడ్చినా, పక్కనే సగం తినుకుపోయిన గుంటలు ఇంకా ఎన్నో ఉంటాయి. వేడికి అవి కూడా చిల్లులవుతాయి. పడవలోపలే వెల్డింగు చేయడం నూనెలు, కొయ్య, వంటగ్యాసు ఉన్న చోట నిప్పుతో చెలగాటం.

గోడలు మొత్తంమీద గట్టిగా ఉంటే లోపలంతా త్రాగునీటికి అనుమతించిన ఎపాక్సీ పూత వేయవచ్చును. స్టీలు నున్నగా ఉండి పూతను పట్టుకోదు గనుక ఉప్పుకాగితంతో బాగా గరుకుచేసి, జిడ్డు లేకుండా తుడవవలెను. రెండు ద్రవాలను కలపడంలో కొలత తప్పితే, చర్యలో పాల్గొనని భాగం మిగిలి నెలలతరబడి నీటికి రుచిని అంటగడుతుంది. లోపల తలపెట్టి పనిచేసేవానికి గాలి ఆడే ఏర్పాటు తప్పనిసరి.

ఇక మార్చడమే అయితే, మొదటి అడ్డంకి విచిత్రమైనది. తొట్టి పడవలోనుండి బయటికి రాదు! పడవ కట్టేటప్పుడు ముందు తొట్టిని పెట్టి, తరువాత దానిపై గదిని కట్టారు. తలుపు చూస్తే తొట్టికంటె చిన్నది. లోపలే ముక్కలుగా కోసి తీయవలసివస్తుంది. కొత్తది అంత పెద్దదిగా పట్టదు గనుక చిన్నవి రెండుమూడు పెట్టవలెను. ఇది నష్టంగా కనబడే లాభం. ఒకటి కారినా రెండవది మిగులుతుంది. అంతేగాక, నిండుకుండ తొణకదు గాని సగం కుండ తొణుకుతుంది. సగం నిండిన తొట్టిలో నీరు పడవ ఒరిగిన వైపే పరుగెత్తి దానిని మరింత ఒరగదీస్తుంది. ఈ దుష్ఫలితం తొట్టి వెడల్పు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. వెడల్పును రెండు తొట్లుగా పంచితే రెండూ కలిసి కూడా మొదటిదానిలో నాలుగవ వంతే.

కొత్త తొట్టిని పాలిథిలీనుతో చేసినది పెడితే తుప్పు బెడద ఉండదు. మన తీరంలో రోజులతరబడి వేటకు పోయే మరపడవలలోనూ ప్లాస్టిక్ డ్రమ్ములు కానవస్తాయి. అయితే ఈ పదార్థం వేడికి ఉక్కుకంటె పదిరెట్లు వ్యాకోచిస్తుంది: మీటరు పొడవు తొట్టి 20 డిగ్రీల తేడాకు మూడునాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గొట్టాలు బిగుసుకొని ఉంటే మరల దగ్గర పగులుతుంది. వంగే హోసులు వాడి, అడుగంతా సమంగా ఆనేటట్లు చదునైన పలక వేయవలెను. స్టీలే కావాలనేవారు ఫోమును పారవేసి, గాలి ఆడేటట్లు పట్టాలపై నిలపవలెను. ఏదైనా సరే, కట్టు గట్టిగా ఉండవలెను: 300 లీటర్ల నీటి బరువు 300 కిలోగ్రాములు, పడవ 30 డిగ్రీలు ఒరిగితే అందులో సగం, 150 కిలోగ్రాములు, ప్రక్కకు త్రోస్తుంది.

చివరకు తొట్టిని శుభ్రపరచడం. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిను చాలును. 300 లీటర్లకు ఇది 15 గ్రాములు, అనగా ఐదు శాతపు క్లోరిను ద్రావణం 300 మిల్లీలీటర్లు. కొన్ని గంటలు ఉంచి, పంపులన్నిటిగుండా పోనిచ్చి, రెండుమూడుసార్లు కడిగివేయవలెను. తొట్టి స్టీలుదైతే రాత్రంతా నిలువ ఉంచరాదు. పాత తొట్టిని తినివేసిన క్లోరైడులకు ఈ ద్రావణం కూడా పుట్టిల్లే. కడిగిన తరువాత నింపి, మళ్ళీ పెన్సిలు గీత గీసి, అడుగున పొడి కాగితం పరచి, మరునాటి ఉదయందాకా ఆగవలెను. కాగితం పొడిగానే ఉంటే నేలచెక్కలు మూయవచ్చును.