సెరటోనిన్ స్కాన్‌తో డిప్రెషన్ ఉందో లేదో తెలుస్తుందా?

‘డిప్రెషన్ అంటే సెరటోనిన్ తగ్గడమే కదా, ఒక స్కాన్ తీసి చూసేస్తే పోలా?’ మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లొచ్చిన ఇంట్లో ఎవరో ఒకరు అడిగే మాటే ఇది. సూటిగా చెప్పాలంటే, డిప్రెషన్‌ను అలా తేల్చే స్కాన్ ఇప్పటికైతే లేదు. పరిశోధన కేంద్రాల్లో చేసే స్కాన్ ఒకటుంది. అయితే అది చూపేది సెరటోనిన్‌ను కాదు, మెదడు కణాల మీద దాన్ని అందుకునే రిసెప్టర్లను.

ఎమ్మారైలో ఈ రిసెప్టర్లు కనిపించవు. పెట్ స్కాన్ కావాలి. రిసెప్టర్‌కు అతుక్కునే రసాయనంలో ఒక రేడియోధార్మిక పరమాణువును చేర్చి, మైక్రోగ్రాముల్లో నరానికి ఎక్కిస్తారు. దీన్నే ట్రేసర్ అంటారు. మందులా పనిచేసేంత మోతాదు కాదది. అది ఎక్కడ ఆగిందో, అక్కడి నుంచి వచ్చే గామా కిరణాలను బట్టి యంత్రం బొమ్మ గీస్తుంది.

చెప్పడానికి తేలికే. మంచి ట్రేసర్ తయారుచేయడమే కష్టం. 1983లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో డాక్టర్ హెన్రీ వాగ్నర్ ముందు తన మెదడునే స్కాన్ చేయించుకున్నారు. అప్పుడు వాడిన ట్రేసర్ డోపమైన్ రిసెప్టర్లకూ, సెరటోనిన్ రిసెప్టర్లకూ రెండింటికీ అతుక్కునేది. ఒక్కదానికే అతుక్కునేది కావాలి. పైగా అది రక్తం నుంచి మెదడులోకి దాటగలగాలి.

1990లలో లండన్‌లోని హ్యామర్‌స్మిత్ ఆస్పత్రిలో 5-హెచ్‌టీ1ఏ అనే సెరటోనిన్ రిసెప్టర్ కోసం ‘వే-100635’ను వాడి చూశారు. రేడియోధార్మిక కార్బన్-11ను మొదట ఆ అణువులో ఒక కొసన పెట్టారు. శరీరం దాన్ని విరగ్గొట్టాక, కార్బన్-11 ఉన్న ముక్క కూడా మెదడులోకి వెళ్లి బొమ్మను మసకబార్చింది. పార్సిల్ విప్పేసినా ట్రాకర్ ఉన్న డబ్బానే ఫోన్ చూపిస్తూ ఉంటుంది చూడండి, అలాగన్నమాట. తర్వాత కార్బన్-11ను అదే అణువులో మరోచోటికి, కార్బొనిల్ భాగానికి మార్చారు. ఈసారి దాన్ని మోసే ముక్కలు మెదడులోకి పెద్దగా వెళ్లలేదు. బొమ్మ తేటపడింది. రసాయనం మారలేదు, గుర్తు పెట్టిన చోటే మారింది!

ఇంకో చిక్కు సమయం. కార్బన్-11 సుమారు 20 నిమిషాలకు సగమైపోతుంది. అందుకే సైక్లోట్రాన్ ఉన్న చోటే తయారుచేసి, శుద్ధి చేసి, పరీక్షించి ఎక్కించాలి. క్యాన్సర్ పెట్ స్కాన్లకు వాడే ఫ్లోరిన్-18కు దాదాపు 110 నిమిషాల గడువుంటుంది కాబట్టి వాహనంలో వేరే ఆస్పత్రికి పంపగలుగుతున్నారు.

మరి డిప్రెషన్ సంగతి? వే-100635తోనే చేసిన ఒక అధ్యయనం 1999లో ఈ రిసెప్టర్లు రోగుల్లో తక్కువున్నాయంది, 2006లో మరొకటి ఎక్కువున్నాయంది. రిసెప్టర్లు దాదాపు లేవనుకుని పోలికకు తీసుకునే మెదడు భాగాన్ని ఎలా లెక్కగట్టాలన్న దగ్గరే ఫలితం అటూఇటూ అవుతోంది. ఇలాంటి కొలతతో ఒక మనిషికి జబ్బుందో లేదో చెప్పడం కుదరదు.

మందుల పరిశోధనకు మాత్రం ఇది బాగా అక్కరకొస్తోంది. మందు వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి స్కాన్ తీస్తే ఎన్ని రిసెప్టర్లను ఆ మందు ఆక్రమించిందో తెలుస్తుంది. కోపెన్‌హాగన్ పరిశోధకులు 2019లో సైలోసైబిన్ 5-హెచ్‌టీ2ఏ రిసెప్టర్లను 72 శాతం దాకా ఆక్రమించగలదని ఇలాగే లెక్కగట్టారు.

డిప్రెషన్‌ను డాక్టర్లు ఇప్పటికీ నిర్ధరించేది రోగితో మాట్లాడే. దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి ఉంటే స్కాన్ సెంటర్ కోసం వెతక్కండి. కేంద్ర ప్రభుత్వ ‘టెలీ మానస్’ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.