చక్రాలమీద కాపురం

ప్రయాణమనగానే మీకు ముందుగా ఏది గుర్తుకు వస్తుంది? టిక్కెట్టా? టిఫిన్ క్యారియరా? మా ఇంట్లో మాత్రం అమ్మ మోకాళ్లు గుర్తుకు వస్తాయి.

అమ్మకు డెబ్బై ఎనిమిదేళ్లు. పుట్టింది ఉట్నూరులో. మా తాతగారు అక్కడ బడిపంతులు. చిన్నతనంలో ఆయన వెంట సవారీ బండిలో వెళ్లి కేస్లాపూర్ నాగోబా జాతర చూసిందట. మళ్లీ ఒక్కసారి చూడాలని కోరిక. కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి మీదుగా గోదావరి దాటి, లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి – దూరం సుమారు రెండు వందల కిలోమీటర్లే. అయినా ఏం లాభం? గంటకోసారి దిగాలంటే బస్సు ఆగదు. ఆగినా ఆడమనిషికి దారిలో మరుగు దొరకదు. అందుకే ఆరేళ్లుగా ఆవిడ ఊరు దాటలేదు.

ఇంతలో మా బావమరిది ఒక బొమ్మ చూపించాడు. అమెరికాలో పికప్ బండి వెనక తొట్టిలో ఒక గదినే అమర్చుకుంటారు. లోపల మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి, మరుగుదొడ్డి అన్నీ ఉంటాయి. పని లేనప్పుడు నాలుగు మూలలా జాకీలు పెట్టి గదిని దించేసి, బండిని మామూలుగా వాడుకుంటారు. దాని పేరు ట్రక్ క్యాంపర్.

“బావా, మనమూ ఒకటి కట్టిద్దాం. అత్తమ్మ పడుకునే పోవచ్చు” అన్నాడు. అమ్మ కళ్లలో మెరుపు చూశాక నేను కాదనలేకపోయాను.

మర్నాడే బాడీలు కట్టే షెడ్డుకు వెళ్లాం. పాత టాటా ఏస్ ఒకటి సిద్ధంగా ఉంది. 2005లో ఈ బండి వచ్చిన నాటినుంచి మన పల్లెల్లో కూరగాయలనుంచి పెళ్లిసామానుదాకా మోసేది ఇదే. జనం ముద్దుగా ఛోటా హాథీ అంటారు. షెడ్డు ఆసామీ ఇనప చట్రం, ప్లైవుడ్ గోడలు, రేకు కప్పుతో గది కట్టి ఇస్తానన్నాడు. మా బావమరిది అక్కడికక్కడే అయిదు వేలు బయానా ఇచ్చేశాడు.

ఇంటికి వచ్చాక మా ఆవిడ పద్దుల పుస్తకం తీసింది. “ఖరీదు సరే, బరువెంత?” అంది. ఆ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు!

ఆ బండి మోయవలసింది 750 కిలోలు. గది 350 కిలోలని షెడ్డువాడి అంచనా. నూరు లీటర్ల నీళ్లంటే సరిగ్గా నూరు కిలోలు. వంటగ్యాస్ సిలిండర్లో గ్యాసు 14.2 కిలోలే గాని ఇనుముతో కలిపి ముప్పై. పొయ్యితో ముప్పై అయిదు. మంచాలు, పరుపులు అరవై. పెట్టెలు, గిన్నెలు ఎనభై. మొత్తం 625. ఇక అమ్మ, మా ఆవిడ, పిల్లలిద్దరూ కలిసి రెండువందలు. అంటే మనుషులెక్కేసరికి 75 కిలోలు ఎక్కువ! ఇంకా ముందు కూర్చునే మమ్మల్ని లెక్క వేయనేలేదు. ఖాళీ గది బరువు చూసి కొనేవారికి నీళ్లు నింపాకగాని అసలు బరువు తెలియదు. అమెరికాలోనూ చాలామంది పొరపడేది ఇక్కడే.

బావమరిది ఒప్పుకోలేదు. “డెబ్బై కిలోలకే కూలుతదా బావా?” అని, గది కట్టకముందే పరీక్షిద్దామన్నాడు. తొట్టిలో కొంత సామాను వేసి, నీళ్ల డ్రమ్ము బొమ్మలో ఉన్నట్టే చిట్టచివర పెట్టి, మానేరు డ్యాం వైపు బయలుదేరాం. స్పీడు బ్రేకరు దగ్గర బండి ముందుభాగం తేలినట్టయింది. పక్క మలుపులో స్టీరింగు తిప్పితే బండి వెంటనే తిరగలేదు. ఎదురుగా స్కూటరుమీద ఒక తండ్రి, ముందు నిలబడ్డ చిన్నపిల్ల. జానెడు ఎడంలో తప్పిపోయారు. బావమరిది బండి ఆపి చాలాసేపు మాట్లాడలేదు.

సంగతి విన్న అమ్మ అంది: “ఎనుక బరువైతె కాడి లేస్తది బిడ్డా. ఎడ్లు మెడ ఆనియ్యవు. ముందు బరువైతె వాటి మెడలు పుండ్లయితయి. మా బాపు మమ్ములను కూసోవెట్టంగనే కాడి పట్టుకొని చూస్తుండె.”

ఇంజనీర్లు చెప్పేదీ ఇదే. గది మొత్తం బరువుకు కేంద్రం వెనక ఇరుసుకు కాస్త ముందుకు పడాలి. వెనక్కి పడితే ముందుచక్రాలకు పట్టు తగ్గుతుంది. స్టీరింగు మాట వినదు.

ఆ తరువాత రవాణా వ్యవహారాలు తెలిసిన మిత్రుణ్ణి అడిగాను. సరకుబండి వెనక మనుషులను ఎక్కించడమే తప్పు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండి రూపం మార్చకూడదు. కారవాన్ బళ్లకు ఎ.ఐ.ఎస్. 124 అని వేరే ప్రమాణమే ఉంది. అవేవీ లేకుండా కట్టించుకుని, రేపు ఏదైనా జరిగితే బీమా కంపెనీ మన గోడు వింటుందా?

అమ్మ ఏమీ అనలేదు. “పోనియ్యి బిడ్డా” అని లోపలికి వెళ్లింది. ఆ మాటే మమ్మల్ని రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

ఉదయం మా ఆవిడే దారి చూపింది. “మనకు కావలసింది ఇల్లా, రెండు సౌకర్యాలా?” అంది. నడుం వాల్చడానికి చోటు, మరుగు. అంతే కదా! ఒక టెంపో ట్రావెలర్‌ను పర్మిటుతో, డ్రైవరుతో సహా అద్దెకు మాట్లాడాం. మందుల దుకాణంలో కమోడ్ కుర్చీ, బజార్లో మడిచే చిన్న గుడారం కొన్నాం. ఆపిన ప్రతిచోటా అమ్మ వెనకసీటుమీద కాళ్లు చాపుకుంది.

పుష్య అమావాస్యకు బయలుదేరాం. మెస్రం వంశీయులు ఏటా కాలినడకన వచ్చి గోదావరి జలం తీసుకువెళ్లే హస్తినమడుగు, జన్నారం మండలంలో కలమడుగు దగ్గర ఉంది. ఆ దారిలో కవ్వాల్ అడవి – 2012లో పులుల అభయారణ్యమైంది – కాబట్టి పగలే దాటాం. 2016లో ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైనా అమ్మకు అదంతా ఇప్పటికీ ‘మా అడవే’.

కేస్లాపూర్ మర్రిచెట్ల కింద మెస్రం వారి ఎడ్లబళ్లు బారులు తీరి ఉన్నాయి. బండే వారికి ఇల్లు, సామాను కొట్టు. గోవాడలో వంట 22 పొయ్యిలమీదే జరుగుతుంది. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం మరణించాక, నిజాం ప్రభుత్వం పంపిన హైమెన్‌డార్ఫ్ దొర చొరవతో 1942లో మొదలైన దర్బారు నేటికీ ఈ జాతరలో జరుగుతున్నది. అమ్మ ఒక బండి దగ్గర ఆగి, కాడిమీద చెయ్యి వేసి చూసింది. “మంచిగ కుదిరింది” అంది. బండి యజమాని నవ్వి ఆవిడకు నులకమంచం వాల్చాడు.

ట్రక్ క్యాంపర్ వద్దని నేననను. కొనదలచినవారు బండి మోసే బరువు, నీళ్లు నింపిన గది బరువు, ఇరుసుమీద భారం, ఆర్సీ కాగితం – ఈ నాలుగూ చూసుకున్నాకే బయానా ఇవ్వండి. మా అయిదు వేలు తిరిగి రాలేదు. అయితేనేం, ఆ గుడారాన్ని ఇప్పుడు మా వీధిలో ముసలివారున్న ప్రతి ఇంటివారూ వంతులవారీగా అడిగి తీసుకువెళుతున్నారు!