మెయిలు సర్వరు మార్పు - పేర్లకు వచ్చిన చిక్కు

2024 వేసవి సెలవులలో మన పాఠశాల ఈ-మెయిలు కొన్నిదినములు సరిగా నడువలేదు. కొందరి పేర్లు తెరమీద వింత గుర్తులుగా కనబడినవి. మీలో పలువురు ఆఫీసుకు వచ్చి కారణ మడిగిరి. అప్పుడు "యంత్రము మార్చుచున్నాము" అని మాత్రమే చెప్పగలిగితిమి. జరిగినదేమో వివరముగా తెలుపుట నా విధి. నేను ఈ విద్య చదివినవాడను కాను. యంత్రమును బాగుచేసిన యువకుని ప్రక్కన కూర్చుండి, అడిగి వ్రాసికొన్నదే ఇచట చెప్పుచున్నాను.

మెయిలు సర్వరు తపాలా కచేరివంటిది. ఉత్తరములు ఒకచోట నుండును. ఎవరి పెట్టె ఏది, ఎవరి పాస్‌వర్డు ఏది, ఏ తరగతి తల్లిదండ్రుల చిరునామా లెవ్వి అను పట్టిక వేరొకచోట నుండును. ఈ పట్టికయే డేటాబేసు. ఉత్తరము వచ్చినప్పుడెల్ల పోస్ట్‌ఫిక్సు అను ప్రోగ్రాము ఆ పట్టికను సంప్రదించి, అట్టి చిరునామా కలదని తెలిసిన పిమ్మటనే దానిని పుచ్చుకొనును. మన పాత యంత్రములో పట్టికను మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షను నడుపుచుండెను. దానికి మరమ్మతులు 2023 అక్టోబరుతో నిలిచిపోయినవి. కావున 8.0 వెర్షను గల క్రొత్త యంత్రమునకు మారదలచితిమి.

మొదటి తప్పు మాది. పాత డేటాబేసును క్రమముగా ఆపకయే దాని ఫైళ్లను కాపీచేసి క్రొత్త యంత్రములో పెట్టితిమి. అది నిరాకరించెను. దుకాణము లెక్కలు తెలిసిన వారికి ఇది సులభముగా బోధపడును. ఈ డేటాబేసు ప్రతి మార్పును ముందు చిట్టాలో వ్రాసి, తరువాత తీరికగా ఆవర్జాకు ఎక్కించును. క్రమముగా ఆపినచో చిట్టాలోనిదంతయు ఆవర్జాకు చేరును. క్రొత్త వెర్షను పాత ఆవర్జాను తన పద్ధతికి మార్చుకొనగలదు గాని, పాత వెర్షను సగములో విడిచిన చిట్టాను ముట్టదు. అది చూపిన సందేశములో ఈ మాటయే ఉన్నది. మేము దానిని చదువక నాలుగు పర్యాయములు యంత్రమును ఆపి మరల నడిపితిమి!

రెండవ తప్పు మరింత పెద్దది. తొందరలో ఖాళీ డేటాబేసు ఒకటి సృష్టించి మెయిలును నడిపితిమి. పట్టిక అసలు పలుకకున్నచో పోస్ట్‌ఫిక్సు "తరువాత రమ్ము" అని పంపువారి సర్వరుకు చెప్పును. ఆ సర్వరు ఉత్తరమును తన వద్దనే ఉంచుకొని, సాధారణముగా నాలుగైదు దినములు మరల మరల ప్రయత్నించును. ఉత్తరము పోదు. కాని పట్టిక పలికి, అందులో పేరు లేకున్నచో, "అట్టివారు ఇచట లేరు" అని శాశ్వతముగా త్రిప్పిపంపును. ఆ సాయంకాలము అరగంటసేపు మన సర్వరు మనయందరిని గూర్చి ఆ మాటయే చెప్పెను. ఉపకార వేతనముల దరఖాస్తులలోని లోపములను సవరింపుడని ఒక ప్రభుత్వ కచేరి వ్రాసిన ఉత్తరము అప్పుడే తిరిగిపోయినది. మూడవనాడు వేరొక పనిమీద నేను అచటికి పోవుటచేత తెలిసినది గాని, లేనిచో ఇద్దరు పిల్లల ఉపకార వేతనము ఆ ఏటికి పోయెడిది. మెయిలును రెండు దినములు పూర్తిగా ఆపియుంచినను ఇంత ప్రమాదము లేకుండెడిది.

పాత యంత్రమును చెరిపివేయకుండుట మా అదృష్టము. ఈసారి దానిని నడిపి, పట్టికను వ్రాతరూపముగా దింపుకొంటిమి. దీనిని డంపు అందురు. క్రొత్త దానిలో ఎక్కించితిమి. పాతవారికి మెయిలు తెరచుకొనెను గాని క్రొత్తవారిని చేర్చుట సాధ్యము కాలేదు. క్రొత్త ఖాతాల పాస్‌వర్డును మరుగుపరచుటకు మా ప్రోగ్రాము పిలుచుచుండిన ఎన్‌క్రిప్టు అను సాధనమును 8.0 వెర్షనులో తీసివేసిరి. ప్రోగ్రామును సవరించుటతో అది తీరినది.

తీరనిది పేర్ల సంగతి. తెలుగు పేర్లన్నియు టోపీలు, చుక్కలు పెట్టిన పరదేశపు అక్షరములై తోచెను. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు. అక్షరమే కాదు, గుడి, కొమ్ము, సున్న కూడ వేర్వేరు గుర్తులే. "తెలుగు" అను మాట ఆరు గుర్తులు, 18 బైట్లు. మన పాత పట్టికను ఎవరో లాటిన్1 అని ప్రకటించి యుండిరి. అది ఐరోపా అక్షరములకు ఏర్పడినది, అక్షరమునకు ఒకటే బైటు. పాత ప్రోగ్రాము మూడు బైట్లను మూడు లాటిన్ అక్షరములుగా దాచి, అట్లే తీయుచుండెను గనుక లోపము ఇన్నేండ్లు బయటపడలేదు. డంపు ప్రోగ్రాము వానిని నిజముగా లాటిన్ అక్షరములే యనుకొని తర్జుమా చేసినది.

ఆ యువకుడు ఒడియావాడు, మంచివాడు. "పేర్లన్నియు ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో ఈ బాధ యుండదు గదా, మాస్టారూ" అనెను. మన నాలుగవ తరగతిలో రమ, రామ అను ఇద్దరు పిల్లలున్నారు. ఇంగ్లీషులో ఇద్దరిదీ ఒకే వ్రాత. అది చూపగా అతడు నవ్వి మరల కూర్చుండెను. టోపీల అక్షరములు కనబడినచో భయము లేదనియు, ప్రశ్నార్థక చిహ్నములు కనబడినచో అసలు బైట్లే పోయినట్లనియు అతడే చెప్పెను. తర్జుమా చేయవద్దని డంపు ప్రోగ్రామునకు చెప్పి, అనగా లాటిన్1గానే దింపి, ఆ ఫైలులో పట్టిక ప్రకటనను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి ఎక్కించగా పేర్లు తెలుగులో నిలిచినవి.

మీ దుకాణములలో, కార్యాలయములలో ఇట్టి మార్పు చేయించువారు ముందుగా రెండు యంత్రముల వెర్షనును అడిగి కాగితముపై వ్రాసికొనుడు. 5.6 నుండి నేరుగా 8.0కు ఫైళ్లతో పోరాదు, నడుమ 5.7 కావలయును. 8.0 నుండి 5.7కు వెనుకకు దారి లేదు. 2009లో మైఎస్‌క్యూఎల్ నుండి చీలిన మరియాడీబీ పైకి తోబుట్టువువలె కనబడును గాని 8.0 ఫైళ్లను తెరువజాలదు.

ఒక్క లోటు మిగిలినది. పాత పట్టికలో పేరునకు 50 బైట్లే చోటు. మించినదానిని అది అడుగకయే కత్తిరించెను. వేంకటసుబ్బలక్ష్మమ్మ అను పేరు 19 గుర్తులు, 57 బైట్లు. 16 గుర్తులు మాత్రమే దక్కి, "వేంకటసుబ్బలక్ష్మ" మిగిలి, "మ్మ" పోయినది. ఇట్టి పేర్లను ఏ డంపును తిరిగి ఈయలేదు. పూర్తి రూపము అడ్మిషను రిజిస్టరులోను, మీ నోటను మాత్రమే కలదు. తెగిన పేర్ల జాబితాను ఆఫీసు ముందరి బల్లపై అంటించితిమి. దయచేసి చూచి, మీ పిల్లవాని పేరుగాని మీ పేరుగాని అందున్నచో స్వహస్తముతో సరిగా వ్రాసి గుమాస్తాకు ఈయుడు.