వార్తల్లో పదం: ప్రైమరీ కీ

గోలేటి సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. ఇలాంటి గని ఊళ్లో ‘రాజయ్యా’ అని కేకేస్తే ఒక్కరే పలకరు. తండ్రి పేరు కలిపినా ఒక్కోసారి ఇద్దరు తేలతారు. అందుకే కంపెనీ రికార్డులో ప్రతి కార్మికుడికీ ఓ ఉద్యోగి నంబరు.

కంప్యూటర్ పట్టికలో ఒక్కో వరుసను పొరపాటు లేకుండా గుర్తించే ఇలాంటి అంశమే ప్రైమరీ కీ. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాతో దీనికి పునాది వేశారు. ఒకే విలువ రెండుసార్లు రాకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. ఫోన్ నంబరు ఇందుకు పనికిరాదు, అది మారిపోతుంది.

అసలు చిక్కు రికార్డులను జతచేసేటప్పుడే వస్తుంది. 1948 చట్టం కింద నడిచే బొగ్గు గనుల భవిష్య నిధి (సీఎంపీఎఫ్)లో ఖాతా నంబరు వేరు. ఆధార్ వేరు. ఆధార్ 12 అంకెల్లో చివరిది తనిఖీ అంకె. మిగతా 11 అంకెల్లో ఒకటి తప్పు కొట్టినా పట్టేస్తుంది. ఒకచోట రాజయ్య, మరోచోట రాజం అని ఉంటే మాత్రం ఏ అంకే పట్టలేదు. ఆ ఒక్క తేడాతో ముసలితనంలో పింఛను ఆగడం చాలా అన్యాయం. దిగిపోయే రోజు దాకా ఆగకండి. మూడుచోట్లా పేరు, పుట్టిన తేదీ ఒక్కటేనా అని ఇప్పుడే చూసుకోండి.