అప్‌డేట్-ఆర్‌సీ.డి

'''అప్‌డేట్-ఆర్‌సీ.డి''' అనేది డెబియన్, ఉబుంటు వంటి లినక్సు పంపిణీలలో, కంప్యూటరు మొదలయ్యేటపుడు ఏ సర్వీసు ఏ వరుసలో ప్రారంభం కావాలో నమోదు చేసే ఉపకరణం. సాధారణంగా ప్యాకేజీని స్థాపించినపుడు, తొలగించినపుడు అందులోని స్క్రిప్టులే దీనిని నడుపుతాయి. రెడ్ హ్యాట్ కుటుంబంలో ఈ పనికి చెక్‌కాన్ఫిగ్‌ను వాడేవారు.

== వరుస ఆవశ్యకత ==
ఒక వెబ్ అనువర్తనం డేటాబేసుపై ఆధారపడితే, డేటాబేసు ముందుగా ప్రారంభం కావాలి. ప్యాకేజీని స్థాపించే సమయానికి మిగిలిన సర్వీసులన్నీ నడుస్తూనే ఉంటాయి కనుక, వరుసలోని తప్పు అపుడు కనిపించదు. కంప్యూటరును తిరిగి ప్రారంభించినపుడే అది బయటపడుతుంది.

== అంకెల పద్ధతి ==
సిస్టం ఫైవ్ పద్ధతిలో ప్రతి రన్‌లెవెల్‌కు ఒక డైరెక్టరీ, అందులో ప్రతి సర్వీసుకు ఒక లంకె ఉంటాయి. లంకె పేరు ''ఎస్'' తో మొదలైతే సర్వీసును ప్రారంభించాలని, ''కె'' తో మొదలైతే ఆపాలని అర్థం. తరువాతి రెండంకెల సంఖ్య వరుసను తెలుపుతుంది. చిన్న సంఖ్య ముందు వస్తుంది. సంఖ్యలు సమానమైతే అక్షరక్రమం వర్తిస్తుంది. ప్రత్యేకంగా చెప్పకపోతే సంఖ్య 20. అందువలన అనేక సర్వీసుల వరుసను వాటి అవసరం కాక, పేరే నిర్ణయించేది.

== ఆధారాల పద్ధతి ==
ఈ లోపాన్ని సవరించడానికి, తనకు ముందు ఏవి నడుస్తుండాలో ప్రతి స్క్రిప్టు తన శీర్షికలోనే ప్రకటించే పద్ధతి వచ్చింది. ఇన్‌సర్వ్ అనే ఉపకరణం వాటిని చదివి వరుసను లెక్కిస్తుంది. 2011లో విడుదలైన డెబియన్ 6.0 నుండి ఇది అప్రమేయమైంది. రెండు సర్వీసులు పరస్పరం ఆధారపడితే వలయం ఏర్పడుతుంది. అపుడు ఇన్‌సర్వ్ పాత వరుసను మార్చకుండా ఆగిపోతుంది.

== నిర్వాహకుని మార్పులు ==
సర్వీసుకు ఒక్క లంకె ఉన్నా అప్‌డేట్-ఆర్‌సీ.డి పాత అమరికను తాకదు. నిర్వాహకుడు చేసిన మార్పులను కాపాడడమే దీని ఉద్దేశం. అయితే సర్వీసు వద్దనుకొని లంకెలన్నిటినీ తొలగిస్తే, ప్యాకేజీని కొత్త కూర్పుకు మార్చినపుడు అవి తిరిగి ఏర్పడతాయి. ఆపదలచిన సర్వీసు మళ్ళీ నడవడం భద్రతకు ముప్పు కావచ్చు. కాబట్టి లంకెలను తొలగించక, ''డిసేబుల్'' ఆదేశాన్ని వాడాలి.

== సిస్టండీ ==
2015లో వచ్చిన డెబియన్ 8లో సిస్టండీ అప్రమేయమైంది. ఇందులో ''ఆఫ్టర్'' వరుసను, ''రిక్వైర్స్'' అవసరాన్ని తెలుపుతాయి. రెండవది మాత్రమే వ్రాస్తే రెండు సర్వీసులూ ఒకేసారి ప్రారంభం కావచ్చు. అలాగే, ఒక ప్యాకేజీ మరొక ప్యాకేజీపై ఆధారపడడం స్థాపనకు సంబంధించినది; దానివలన ప్రారంభ వరుస ఏర్పడదు. దానిని విడిగా ప్రకటించాలి.

== ఇవి కూడా చూడండి ==
* డెబియన్
* లినక్సు
* సిస్టండీ